ఆ గోపాలం ఎవరమ్మా?

మైకత్తకి పుట్టినప్పటినుంచీ మెల్లగా మాట్లాడడం చేతకాదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని భర్తతో అంటే, మూడిళ్ళ అవతలావిడ చిన్న గిన్నెలో ఉప్పు పోసుకుని గుమ్మంలోకి వచ్చేసేది. కుట్టుమిషన్లు బాగుచేసుకునే ఆ భర్త, పెళ్ళైన కొత్తలో ఒకసారి, "కాస్త మెల్లగా మాట్లాడితే బాగుంటుందేమో" అని చూశాడు. "మెల్లగానే మాట్లాడుతున్నాగా!" అని ఆవిడ ఇచ్చిన జవాబుతో ఆ సంసారంలో మొదటి గొడవ వీధి వీధంతా తెలిసిపోయింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు మహానుభావుడు.

అంత గొంతుకి తగ్గ పనే దొరికింది ఆవిడకి. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సినిమాహాలుకి ప్రచారం చేసి పెట్టడం. ఓ మూడు చక్రాల బండి, దాని నెత్తిమీద రెండు లౌడ్ స్పీకర్లు, రెండు పక్కలా పోస్టర్లు అంటించిన అట్టలు. ముందు సీట్లో బండి నడుపుతూ తమ్ముడు, వెనక సీట్లో మైకు పట్టుకుని అక్క. తమ్ముడు రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడితే గొప్ప. "అమ్మానాన్నలు మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన మాటలన్నీ నేనే వాడేసుకున్నాను పాపం" అని ఆవిడే ఒప్పుకునేది.

ఈ పని తండ్రి నుంచి వచ్చింది. ఆయన రిక్షాలో కూర్చుని పాతికేళ్ళు అరిచిన మనిషి. ఓ వానాకాలం ఆయన గొంతు పూర్తిగా పూడుకుపోయింది. ఆ మర్నాడే కొత్త సినిమా. వేరే దారి లేక పంతొమ్మిదేళ్ళ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి చేతికిచ్చాడు. అందులో ఇలా ఉంది: "రండి! తిలకించండి! ఆబాలగోపాలాన్ని అలరించే మహత్తర చిత్రం!" మూడో ముక్క కింద గీత గీసి, ఆయన కూతురి చెవిలో బుసబుసమంటూ ఒక్క మాట చెప్పాడు. "ఇది ఒక్క ఊపిరిలో రావాలి తల్లీ. మధ్యలో ఊపిరి తీశావో, చెడింది." ఎందుకు చెడుతుందో ఆవిడ అడగలేదు. అడిగినా చెప్పడానికి ఆయనకి గొంతు లేదు.

అప్పటినుంచి ముప్పై ఆరేళ్ళు ఆ ముక్కని ఒక్క ఊపిరిలోనే చెప్పుకొచ్చింది. సినిమాలకే కాదు, ఊళ్ళోకి సర్కస్ వచ్చినా, బల్లలూ కుర్చీల దుకాణం తెరిచినా, కొత్త రకం బట్టల సబ్బు దిగినా పిలుపు మైకత్తకే వచ్చేది. అన్నిటికీ ఆ కాగితమే. పళ్ళ డాక్టరు ఆసుపత్రి పెట్టినప్పుడు కూడా, "ఆబాలగోపాలాన్ని అలరించే అధునాతన పళ్ళ ఆసుపత్రి" అని మూడు రోజులు ఊరంతా తిరిగింది. డాక్టరు చాలా సంతోషించాడు. లోపల కుర్చీలో ఉన్నవాళ్ళ సంగతి ఎవరూ విచారించలేదు.

అయితే ఊపిరి ఎల్లకాలం ఒక్కలా ఉండదు కదా. యాభై ఐదో ఏట మైకత్తకి ఓ జలుబు పట్టుకుని నెలరోజులు వదల్లేదు. జలుబు పోయింది గానీ పోతూ పోతూ సగం ఊపిరి పట్టుకుపోయింది. తగ్గిన తర్వాత మొదటిసారి బండెక్కిన పొద్దున, బేకరీ వెనక సందులో, "రండి! తిలకించండి! ఆబాల..." అనేసరికి ఆయాసం వచ్చింది. ఓ నిండు ఊపిరి పీల్చుకుని, "...గోపాలాన్ని అలరించే మహత్తర చిత్రం!" అని ముగించింది.

పైన మేడమీద కిటికీ టప్పున తెరుచుకుంది. ఆ గదిలో ఒక ముసలమ్మ ఉండేది. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా మెట్లు దిగడం మానేసి, తాడుకి బుట్ట కట్టి కూరగాయలు పైకి లాక్కునే మనిషి. లోకంతో ఆవిడకి మిగిలిన పరిచయమల్లా ఆ బుట్టా, ఆ కిటికీ.

"ఏమమ్మా మైకూ! ఆగాగు! ఆ గోపాలం ఎవరమ్మా?"

"ఏ గోపాలం అవ్వా?" అంది మైకత్త, మైకు దించకుండానే.

"ఇప్పుడు చెప్పావే, ఆ గోపాలమే. దెబ్బలాటల సినిమా అయినా ఆయన్నే అలరిస్తుంది, ఏడుపుల సినిమా అయినా ఆయన్నే అలరిస్తుంది. ఊళ్ళో ఇంతమందిమి ఉన్నాం. మా సంగతేంటి?"

సందంతా ఘొల్లుమంది. బేకరీవాడు పిండి చేతులతో కడుపు పట్టుకుని నవ్వాడు. ఎవరేమన్నా తడుముకోకుండా బదులిచ్చే మైకత్త, "అదీ... అదేంటంటే..." అని నసిగింది. ఆ నసుగుడు కూడా రెండు స్పీకర్లలోంచీ కంగుమని వినిపించింది. తమ్ముడు సమయం చూసుకుని బండి ముందుకి పోనిచ్చాడు.

సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. బండి కనబడితే చాలు, బడి వదిలిన పిల్లలు "గోపాలం వచ్చాడా?" అంటూ వెంటపడ్డారు. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి తువ్వాలుతోనే వాకిట్లోకి వచ్చి, "ఈ వారం గోపాలానికి నచ్చిందంటావా?" అని అడిగి వెళ్ళాడు. మైకత్తకి నవ్వులాట కొత్త కాదు. కొత్తగా మింగుడుపడని విషయం ఇంకొకటి ఉంది. ముప్పై ఆరేళ్ళుగా నోట్లో నానుతున్న మాటకి అర్థం తనకే తెలియదు.

తమ్ముణ్ణి అడిగింది. "నేను బండి నడిపేవాణ్ణి" అన్నాడు.

హాలు మేనేజరుని అడిగింది. ఆయన పళ్ళు కుట్టుకునే పుల్లని నోట్లో ఆ పక్కనుంచి ఈ పక్కకి మార్చి, "అంటే హౌస్‌ఫుల్ అని" అన్నాడు.

"మరి కావట్లేదేంటండీ?"

"నువ్వు సరిగ్గా చెప్పట్లేదు."

చివరికి పోస్టర్లు అచ్చువేసే ప్రెస్సుకి వెళ్ళింది. అక్కడ ఓ మూల బల్ల దగ్గర ప్రూఫులు దిద్దే ఆయన ఉండేవాడు. కళ్ళజోడు ఎంత దళసరిదంటే, ఆయన కళ్ళు అద్దాల వెనక చేపల్లా ఈదుతున్నట్టుండేవి. ప్రశ్న వినగానే పెన్ను కింద పెట్టాడు. ఆ ఉద్యోగంలో చేరాక ఆయన్నొకరు మాటకి అర్థం అడగడం అదే మొదటిసారి కాబోలు, కుర్చీ కూడా తుడిచి వేశాడు.

"ముందున్న ఆ అక్షరం ఉంది చూశావా, ‘ఆ’. దానికి ‘వాళ్ళ దాకా, వాళ్ళతో సహా’ అని అర్థం. బాలలంటే పిల్లలు. గోపాలురంటే ఆవులు కాసుకునేవాళ్ళు. పిల్లలూ పశువుల కాపరులూ మొదలుకొని అందరూ అన్నమాట. వీళ్ళకేం తెలుస్తుందిలే అని మనం వదిలేసేవాళ్ళు ఉంటారే, వాళ్ళకి కూడా నచ్చిందంటే ఇంక నచ్చనిదెవరికి? అదీ దాని భావం."

"అంటే గోపాలం ఒక మనిషి కాదన్నమాట."

"కాదు. ఇంతకీ ఇప్పుడాడుతున్నది ఎలా ఉంది? నిజంగా అందరికీ నచ్చేదేనా?"

"నేను చూళ్ళేదండీ."

"పోనీ పోయిన వారంది?"

"అదీ చూళ్ళేదు. ఒక ఆట నడుస్తున్నప్పుడు నేను తర్వాతి ఆటకి జనాన్ని పిలుస్తూ ఉంటాను కదా. పెళ్ళికాక ముందు చూశాను రెండు మూడు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, అంతే. ఆ తుడుచుకోవడం మైకత్తకి గుచ్చుకుంది.

తిరిగి వస్తూ బండిలో, "ఒరేయ్, ఊరి చివర ఆవుల కొట్టాలున్నాయి కదా, అటు ఎప్పుడైనా వెళ్ళామా మనం?" అని అడిగింది.

"అటు రోడ్డు లేదు" అన్నాడు తమ్ముడు.

"అంటే ఒక్కనాడూ పిలవనివాళ్ళ పేరు చెప్పుకుని ఇన్నేళ్ళూ ఊరందర్నీ పిలిచానన్నమాట!" ఈ మాట తనలో తానే అనుకున్నాననుకుంది. రోడ్డుకి అటుపక్క సైకిల్ మీద పోతున్నవాడు, "ఏంటత్తా?" అని ఆగాడు.

మర్నాడు మధ్యాహ్నం బండి రోడ్డు లేని చోటికి వెళ్ళింది. గతుకుల్లో స్పీకర్లు రెండూ తలలూపుకుంటూ వచ్చాయి. కొట్టాల దగ్గర ఆవుల కాపరి గడ్డిమోపు విప్పుతున్నాడు. ఎండకి నల్లబడ్డ పొడుగాటి మనిషి. సినిమాకి రమ్మంటే, తనతో కాదేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

"నన్నేనా?"

"నిన్నే. నువ్వు లేకపోతే మాట పూర్తికాదు."

"మ్యాట్నీ వేళంటే మేత వేళ కదమ్మా. వీటినెవరు చూస్తారు?"

మైకత్త తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఆవుల వైపు చూశాడు. పద్నాలుగు ఆవులు ఒక్కసారిగా తమ్ముడి వైపు చూశాయి. ఆ రోజుకి పనుల పంపకం అలా జరిగిపోయింది.

పిల్లల తరఫున ఆరేళ్ళ మనవరాలిని తీసుకెళ్ళింది. మేడమీద ముసలమ్మని కూడా అడిగి చూసింది గానీ, "నా మోకాళ్ళు నిన్ను నమ్మి దిగుతాయా?" అంటూ ఆవిడ కిటికీ వేసేసింది. అలా ముగ్గురూ నేల సీట్లకి కాస్త పైన, ఫ్యాను కింద కూర్చున్నారు. మైకత్తకి చీకట్లో తెరకెదురుగా కూర్చోవడమే వింతగా ఉంది. సగం సినిమా దాకా చేతిలో మైకు లేదేమిటా అని వెతుక్కుంటూనే ఉంది.

హీరో పదహారుమందిని కొట్టాడు. మనవరాలు రెండోవాడు గాల్లోకి లేవగానే సీటు కిందకి దూరింది. కాపరి ఏడోవాడి దగ్గర నిద్రలోకి జారుకున్నాడు. తర్వాత హీరోయిన్ పాడుకుంటూ ఆవు దగ్గర కూర్చుని పాలు పితికే ఘట్టం వచ్చింది. పాటలో గంట మోతకి కాపరికి మెలకువ వచ్చింది. కళ్ళు నులుముకుని చూసి, లేచి నిలబడి, "అమ్మాయ్! అటు కాదు! ఆ పక్కనుంచి కూర్చుంటే తంతుంది!" అని అరిచాడు. హాలంతా నవ్వింది. పాట అయిపోయేదాకా ఆయన కూర్చోలేదు. "అది ఎద్దు తల్లీ, ఎద్దు! దాన్ని పితుకుతున్నారు చూడండి, అయ్యో!" అని పక్కసీట్లవాళ్ళకి వేలు పెట్టి చూపించాడు. ఆ తర్వాత తెరమీద ఏం జరిగినా ఆ ఎద్దుకి ఏమైందోననే దిగులు తప్ప ఆయనకి ఇంకేమీ పట్టలేదు.

ఆఖర్లో హీరో తండ్రి కన్నుమూశాడు. హాలు చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దమైంది. "అమ్మమ్మా, ఆ తాత చచ్చిపోయాడు కదా, కళ్ళెందుకు ఆడిస్తున్నాడు?" అంది మనవరాలు. నవ్వులు ఆగకముందే హీరో తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అక్కడ మాత్రం మైకత్తకి తన తల్లి గుర్తొచ్చి భోరుమంది. ఆవిడ భోరుమంటే మామూలుగా ఉంటుందా! పైన గదిలో ఆపరేటరు మెషిన్ చెడిందనుకుని చూసుకున్నాడట.

బయటికి వచ్చేసరికి తమ్ముడు పద్నాలుగు ఆవుల్నీ హాలు ముందుకే తోలుకొచ్చి నిలబడి ఉన్నాడు. వాటిలో ఒకటి పిండి జిగురు వాసనకి బండి పక్కనున్న పోస్టరు నాకి, చింపి, హీరో మొహం సగందాకా నమిలేసింది.

"అయ్యో! చూస్తూ ఊరుకున్నావా?" అంది అక్క.

"దీనికి నచ్చింది" అన్నాడు తమ్ముడు.

ఆ సాయంత్రమంతా మైకత్త ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లో ఏదో అయిందని మూడిళ్ళ అవతలావిడ వచ్చి చూసి వెళ్ళింది. పొద్దున్నే బండెక్కి, కాగితం తీయకుండా, తనకి తోచింది తన మాటల్లోనే చెప్పడం మొదలుపెట్టింది.

"రండి బాబూ! సినిమా చూశాను, ఉన్నమాట చెబుతున్నాను! చిన్నపిల్లల్ని తేకండి, దెబ్బలాటలకి సీట్ల కింద దూరతారు! ఆవులు కాసుకునేవాళ్ళకి బొత్తిగా పనికిరాదు, నిద్రొస్తుంది, మెలకువ వస్తే బాధేస్తుంది! ముసలివాళ్ళు అంత దూరం నడిచి రావాల్సిందేమీ లేదు! అమ్మని తలుచుకుని ఏడవాలనుకునేవాళ్ళు మాత్రం తప్పకుండా రండి, రుమాలు తెచ్చుకోండి!"

మధ్యాహ్నం అయ్యేసరికి మేనేజరు పిలిపించాడు. నోట్లో పుల్ల లేదు. అంటే కోపం నిజమైనదే.

"నీకేమైనా మతిపోయిందా? సినిమాకి రావద్దని మైకులో చెప్పేవాళ్ళని ఎక్కడైనా చూశావా?"

"రావద్దనలేదండీ. ఎవరికి పనికొస్తుందో చెప్పానంతే."

"పిల్లలొద్దు, ముసలివాళ్ళొద్దు, పశువులవాళ్ళొద్దు! ఇంక మిగిలిందెవరు? నేనూ నువ్వూనా? మీ నాన్న బతికుంటే..."

కింద ఏదో గోల వినిపించి ఆయన ఆగాడు. కిటికీలోంచి తొంగిచూశాడు. మైకత్త కూడా వెళ్ళి చూసింది.

గేటు ముందు అందరికన్నా ముందు మేడమీద ముసలమ్మ! ఓ చెయ్యి బేకరీవాడి భుజం మీద, ఇంకో చెయ్యి కర్ర మీద. వెనక ఆవిడ ఈడువాళ్ళు పదిమందికి పైనే. "నడిచి రాలేమని ఎవరన్నారే? ఏదీ, రమ్మను!" అని ఆవిడ గేటు దగ్గరే తగువు పెట్టుకుంది. ఆ పక్కన పిల్లలు తండ్రుల చేతులు పట్టుకుని ఈడ్చుకొస్తున్నారు. "మేమేం సీట్ల కింద దూరం, కావలిస్తే చూడండి" అంటున్నారు. కాపరి తన తోటివాళ్ళని ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడు. పాలు పితికే ఘట్టం గురించి ఎంత చెప్పినా వాళ్ళు నమ్మలేదట.

మేనేజరు జేబులోంచి పుల్ల తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"రేపు ఇంకెవరికి పనికిరాదంటావ్?" అన్నాడు నెమ్మదిగా.

"నోటికొచ్చినట్టు చెప్పడానికి కుదరదండీ. వచ్చే సినిమా మొదటి ఆట చూసి చెబుతాను."

"చూడు. ఫ్యాను కింద సీటు నీదే."

కానీ మేనేజరుకి శుక్రవారం దాకా ఆగే ఓపికేదీ? కిటుకు దొరికిందనుకున్నాడు. తర్వాతి సినిమాకి ముందురోజే హాలు గేటు మీద నిలువెత్తు బోర్డు కట్టించాడు: "ఈ చిత్రం ఎవ్వరికీ పనికిరాదు!" ఊరు ఊరంతా విరగబడి వస్తుందని టికెట్ల కిటికీ దగ్గర ఇంకో మనిషిని కూడా పెట్టాడు. తీరా శుక్రవారం మ్యాట్నీకి వచ్చింది తొమ్మిదిమంది. అందులో ఇద్దరు ఎండకి తాళలేక వచ్చినవాళ్ళు. బోర్డు చదివినవాళ్ళు చదివినట్టే వెళ్ళిపోయారు. "అదేంటే, మొన్న నువ్వు వద్దంటే వచ్చారు, నేను వద్దంటే రారేం?" అని ఆయన లబోదిబోమన్నాడు.

"మీరు ‘ఎవ్వరికీ’ అన్నారండీ" అంది మైకత్త. "మొన్న నేను ముసలివాళ్ళని అన్నాను, అందుకని ఆ అవ్వకి రోషం వచ్చింది. ‘ఎవ్వరికీ’ అంటే రోషం ఎవరికొస్తుంది?"

బోర్డు దిగిపోయింది. మైకత్తకి శుక్రవారం మొదటి ఆట ఖాయమైంది. ముసలమ్మ ఒకసారి మెట్లు దిగడం మరిగాక ఇంక మేడమీద కాలు నిలవలేదు. ప్రతి శుక్రవారం ఆవిడే ముందొచ్చి సీటు ఆపేది. కాపరి మాత్రం సినిమాలో పశువులుంటేనే వచ్చేవాడు. ఉంటే రోడ్డు లేకపోయినా బండి వెళ్ళి కబురు చెప్పి వచ్చేది.

ఓ శుక్రవారం ఒక చిత్రమైన సినిమా వచ్చింది. అందులో కొట్టుకోవడాల్లేవు, పాటల్లేవు. ఒక పోస్ట్‌మ్యాన్ ఒక ఉత్తరం పట్టుకుని రెండున్నర గంటలు తిరుగుతాడు, ఇవ్వకుండానే ఇంటికి వెళ్ళిపోతాడు. ముసలమ్మ మధ్యలో మూడుసార్లు ముక్కు చీదింది, రెండుసార్లు నవ్వింది, ఎందుకంటే చెప్పలేకపోయింది. మైకత్త బండెక్కి మైకు పట్టుకుని, ఎంత ఆలోచించినా ఇది ఎవరికి పనికొస్తుందో తేలక, చివరికి ఉన్నమాట చెప్పేసింది. "నాకు అర్థం కాలేదు బాబూ! బాగుందనే అనిపిస్తోంది, ఎందుకో తెలియట్లేదు! మీరే చూసి నాకొచ్చి చెప్పండి!"

ఊరిజనం అంత మాటని ఊరికే పోనిస్తారా! మర్నాడు పొద్దున ఆవిడ వాకిట్లో జనం. మంగలి షాపాయన వచ్చాడు, బేకరీవాడు రొట్టెల గంప దించకుండానే వచ్చాడు, ప్రూఫులు దిద్దే ఆయన జేబులో కాగితం రాసుకుని మరీ వచ్చాడు. ఉత్తరంలో ఏముందో తనకి తెలుసని ఒకరు, అసలు ఉత్తరం ఖాళీ అని ఇంకొకరు, పోస్ట్‌మ్యాన్‌కి చదువు రాదని ముసలమ్మ. భర్త తన పనిబల్ల మీదున్న కుట్టుమిషన్లన్నీ కిందకి దించి, బల్లని వాకిట్లోకి జరిపి వాళ్ళని కూర్చోబెట్టాడు. మైకత్త గుమ్మంలో గడపమీద చతికిలబడి, చెంపకి చెయ్యి ఆనించుకుని, ఒక్క మాట మాట్లాడకుండా, ఒకరి తర్వాత ఒకరి మొహంలోకి చూస్తూ వింటూ కూర్చుంది.

ఎంతకీ తెగకపోయేసరికి భర్త స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు.

"ఇంతకీ బాగుందా, బాలేదా?" అని అడిగాడు.

పదకొండుమంది ఒక్కసారే మొదలుపెట్టారు.